స్టాలిన్ తలుపు తీసిన రాత్రి: మాస్కోలో మన రాయబారుల చరిత్ర

1947 ఆగస్టులో విజయలక్ష్మీ పండిట్ మాస్కోలో దిగేసరికి భారతదేశానికి ఇంకా స్వాతంత్ర్యం రాలేదు. సోవియట్ యూనియన్‌తో దౌత్య సంబంధాలు పెట్టుకుంటున్నట్టు ఆ ఏడాది ఏప్రిల్ 13నే ప్రకటించారు. దేశం పూర్తిగా మన చేతికి రాకముందే ఆ దేశం తరఫున ఒక మనిషి వెళ్లి పరాయి రాజధానిలో కాపురం మొదలుపెట్టారన్నమాట. యుద్ధం ముగిసి రెండేళ్లయినా మాస్కో ఇంకా కోలుకోలేదు. బజార్లో సామాను దొరికేది కాదు. రాయబారి ఇంటికి కావలసిన ఫర్నిచర్‌ను స్వీడన్ నుంచి, స్టాక్‌హోమ్ నుంచి తెప్పించుకోవలసి వచ్చింది. పేద దేశానికి ఇంత ఖర్చు ఎందుకని ఢిల్లీలో విమర్శలు కూడా వచ్చాయి.

ఆమె సామాన్యురాలు కాదు. నెహ్రూ చెల్లెలు, జైలుకు వెళ్లివచ్చిన నాయకురాలు. 1946లో ఐక్యరాజ్యసమితిలో దక్షిణాఫ్రికా భారతీయుల కోసం వాదించి గెలిచినావిడ. అలాంటి రాయబారి 1949 దాకా మాస్కోలో ఉన్నా స్టాలిన్ ఒక్కసారి కూడా ఆమెకు దర్శనం ఇవ్వలేదు.

ఇది ఆమె వైఫల్యమని అప్పట్లో అన్నారు, ఇప్పటికీ కొందరు అంటారు. ఆ మాట సరికాదు. ఆమె వెళ్లిన నెలకే, 1947 సెప్టెంబరులో, సోవియట్ నాయకుడు జ్దానోవ్ ప్రపంచం రెండు శిబిరాలుగా చీలిపోయిందని ప్రకటించాడు. ఆ లెక్కలో మధ్యలో నిలబడేవాళ్లకు చోటు లేదు. భారత్ బ్రిటిష్ కామన్వెల్త్‌ను వదల్లేదు, సైన్యంలో బ్రిటిష్ అధికారులు ఇంకా ఉన్నారు. మాస్కో కంటికి ఢిల్లీ అంటే పేరు మార్చుకున్న లండన్. గాంధీని కూడా అక్కడి రాతల్లో బ్రిటిష్‌వాళ్లకు పనికొచ్చిన మనిషిగానే చిత్రించారు. అంత బిగదీసుకున్న తలుపును ఏ రాయబారీ ఒంటిచేత్తో తెరవలేరు. ఎదురుచూడటం, మర్యాద తప్పకుండా ఉండటం, కనబడినదాన్ని ఉన్నదున్నట్టు ఇంటికి రాయడం, ఆమె చేయగలిగింది ఇంతే. ఆ పని ఆమె చేశారు. అక్కడి నుంచి వాషింగ్టన్‌కు రాయబారిగా వెళ్లారు.

రాయబారి అనగానే మన మనసులో ముందు మెదిలేది శ్రీకృష్ణ రాయబారం. ఒకడు సభకు వెళ్తాడు, చెప్పవలసింది చెబుతాడు, పొత్తో యుద్ధమో తేల్చుకుని తిరిగి వస్తాడు. పాత కాలంలో ప్రపంచమంతా రాయబారం అలాగే నడిచింది. పరాయి రాజ్యంలోనే మకాం పెట్టి ఏళ్ల తరబడి ఉండే రాయబారి అనే ఏర్పాటు 15వ శతాబ్దంలో ఇటలీ నగర రాజ్యాల్లో పుట్టింది. తేడా చిన్నది కాదు. వెళ్లి వచ్చేవాడికి మాటకారితనం ఉంటే చాలు. అక్కడే ఉండేవాడికి ఓపిక కావాలి, చెవులు కావాలి. ఎదుటి దేశం ఏం చెబుతోందో కాక ఏం చెప్పకుండా దాస్తోందో పట్టుకోవాలి.

ఈ పనికి ఇప్పుడున్న నియమాలన్నీ 1961 నాటి వియన్నా ఒప్పందంలోవి. రాయబారిగా ఫలానా వ్యక్తిని పంపాలనుకుంటే ముందు ఆ పేరును గుట్టుగా ఎదుటి దేశానికి చెప్పి సరేననిపించుకోవాలి. మన ఊళ్లలో సంబంధం ఖాయమయ్యేదాకా మాట బయటికి పొక్కనివ్వనట్టే. వద్దంటే వద్దన్నట్టే, కారణం చెప్పాల్సిన పని కూడా లేదు. సరేనన్నాక మన రాష్ట్రపతి సంతకంతో ఒక పరిచయ పత్రం తయారవుతుంది. ఈయన మాట్లాడితే నేను మాట్లాడినట్టే నమ్మండి అని ఒక దేశాధినేత మరో దేశాధినేతకు రాసే ఉత్తరం అది. దాన్ని ఇచ్చే వేడుకతోనే రాయబారి హోదా పూర్తవుతుంది. మాటలు చెడితే ఆ దేశం ఎప్పుడైనా ఆయన్ని అవాంఛిత వ్యక్తిగా ప్రకటించి వెనక్కి పంపేయవచ్చు. కానీ అరెస్టు చేయకూడదు, కార్యాలయంలోకి అనుమతి లేకుండా అడుగు పెట్టకూడదు, సీలు వేసిన దౌత్య సంచిని తెరవకూడదు. శత్రు దేశంలో కూడా నోరు తెరిచి మాట్లాడగలిగే మనిషి ఒకడు ఉండాలంటే ఈ రక్షణలన్నీ తప్పవు.

మళ్లీ మాస్కోకు వద్దాం. 1949లో రెండో రాయబారిగా వెళ్లింది సర్వేపల్లి రాధాకృష్ణన్. ఇంటిపేరులోనే నెల్లూరు జిల్లా ఊరున్న మనిషి, 1931 నుంచి 1936 దాకా ఆంధ్ర విశ్వవిద్యాలయానికి వైస్ చాన్సలర్‌గా చేసిన ఆచార్యుడు. దౌత్యంలో అనుభవం లేదు. పైగా ఆక్స్‌ఫర్డ్‌లో ఆచార్య పదవి వదులుకోకుండానే ఈ బాధ్యత తీసుకున్నారు. ఏటా కొన్ని నెలలు అక్కడ పాఠాలు చెప్పి మళ్లీ మాస్కోకు వచ్చేవారు. దేవుడే లేడనే రాజ్యానికి వేదాంతం చెప్పే పంతుల్ని పంపడమేంటని చాలామందికి అనిపించింది.

1950 జనవరిలో ఒక రాత్రి ఆయనకు క్రెమ్లిన్ నుంచి పిలుపు వచ్చింది. స్టాలిన్ పగలు కాక రాత్రిపూటే ఎక్కువగా పనిచేసేవాడు, పిలుపులూ అలాగే ఉండేవి. పక్కన విదేశాంగ మంత్రి విషిన్‌స్కీ, ఒక దుభాషీ. ఆ సమావేశంలో రాధాకృష్ణన్ అశోకుడి ప్రస్తావన తెచ్చారని చెబుతారు. రక్తపు యుద్ధం గెలిచాక కత్తి పారేసి శాంతి మార్గం పట్టిన చక్రవర్తి మా దేశంలో ఉన్నాడు, బలంతో అధికారానికి వచ్చిన మీకూ అలాంటిది జరగదని ఎవరు చెప్పగలరు అన్నారట. వింతలు జరుగుతుంటాయి, నేనూ ఐదేళ్లు మత పాఠశాలలో చదివినవాణ్నే అని స్టాలిన్ బదులిచ్చాడట. ఎదుటివాళ్లు ఊపిరి బిగబట్టి కూర్చునే గదిలో ఆ మాట అనడానికి ఎంత గుండె కావాలో ఊహించుకోవచ్చు. 1952 ఏప్రిల్‌లో సెలవు తీసుకునేటప్పుడు ఆయన స్టాలిన్ చెంప మీద తట్టారని, తనను రాక్షసుడిగా కాక మనిషిగా చూసిన మొదటివాడు మీరేనని స్టాలిన్ అన్నాడని ఆయన కుటుంబం వైపు నుంచి వచ్చిన కథనం.

ఈ కథలు బాగుంటాయి, అందుకే ఇన్నేళ్లుగా తిరుగుతున్నాయి. కానీ స్టాలిన్ మనసు మారింది రాధాకృష్ణన్ మాటల వల్ల మాత్రమే కాదు. 1950 జూలైలో కొరియా యుద్ధం ఆపడానికి నెహ్రూ ఇటు స్టాలిన్‌కు, అటు అమెరికా విదేశాంగ మంత్రి ఆచిసన్‌కు లేఖలు రాశారు. స్టాలిన్ దాన్ని స్వాగతించాడు, అమెరికా కాదంది. ఢిల్లీ లండన్ చెప్పినట్టు ఆడటం లేదని మాస్కోకు మొదటిసారి గట్టిగా అర్థమైంది అక్కడే. 1951లో మన దేశంలో తిండి గింజలకు కటకట వచ్చినప్పుడు అమెరికా కాంగ్రెస్ నెలల తరబడి చర్చలు చేస్తుంటే సోవియట్ గోధుమ ఓడలు బయల్దేరాయి. 1952 జనవరిలో భద్రతా మండలిలో కశ్మీర్ విషయం వచ్చినప్పుడు అప్పటిదాకా నోరు మెదపని సోవియట్ ప్రతినిధి మాలిక్ మొదటిసారి పశ్చిమ దేశాల ప్రతిపాదనను తప్పుబట్టాడు. అవకాశాలు కాలం తెచ్చిపెట్టింది. వాటిని గుర్తుపట్టి, రెండు వైపులా నమ్మకం కుదిర్చిన ఘనత మాత్రం ఆ ఆచార్యుడిదే.

తెలుగువాళ్లకు బాగా దగ్గరి సంగతి ఒకటి ఇక్కడే ఉంది. 1951 ఫిబ్రవరిలో భారత కమ్యూనిస్టు పార్టీ నాయకులు నలుగురు రహస్యంగా ఓడెక్కి మాస్కో చేరి స్టాలిన్‌ను కలిశారు. వాళ్లలో ఇద్దరు మనవాళ్లే: చండ్ర రాజేశ్వరరావు, మాకినేని బసవపున్నయ్య. తెలంగాణ సాయుధ పోరాటం కొనసాగించాలా వద్దా అన్నది వాళ్ల ముందున్న ప్రశ్న. ఆ చర్చల తర్వాత పార్టీ దారి మార్చుకుంది, అదే ఏడాది అక్టోబరులో పోరాటాన్ని విరమించింది. ఆ సమయానికి అదే మాస్కోలో భారత ప్రభుత్వ రాయబారి రాధాకృష్ణన్. స్టాలిన్ ఒక చేత్తో ఢిల్లీ ప్రభుత్వంతో, మరో చేత్తో ఆ ప్రభుత్వంతో పోరాడుతున్నవాళ్లతో మాట్లాడుతున్నాడు. ఏ రాజధానిలోనైనా రాయబారికి కనబడేది సగం బొమ్మే. తెర వెనుక మిగతా సగం ఎప్పుడూ ఉంటుంది.

రాధాకృష్ణన్ 1952లో మాస్కో నుంచి నేరుగా ఉపరాష్ట్రపతి పదవికి వచ్చారు. ఆయన కుర్చీలోకి వెళ్లిన కె.పి.ఎస్. మీనన్ పూర్తిగా వేరే తరహా మనిషి. ఐసీఎస్ అధికారి, దేశపు మొదటి విదేశాంగ కార్యదర్శి. 1961 దాకా, తొమ్మిదేళ్లు మాస్కోలోనే ఉన్నారు. అంత కాలం ఒకే చోట ఉండటం ఇప్పటి రాయబారులు ఊహించలేరు, మూడేళ్లు దాటితే గొప్ప.

1953 ఫిబ్రవరి 17న మీనన్ స్టాలిన్‌ను కలిశారు. మాట్లాడుతున్నంతసేపూ స్టాలిన్ ఎర్ర పెన్సిల్‌తో కాగితం మీద బొమ్మలు గీస్తూ ఉన్నాడు. మీనన్ ఓరగా చూస్తే అవి తోడేళ్లు. కాసేపటికి స్టాలిన్ తనే తోడేళ్ల మాట ఎత్తాడు. వాటితో ఎలా వ్యవహరించాలో మా రైతులకు బాగా తెలుసు, వాటికి నీతులు చెప్పరు, చంపేస్తారు అన్న అర్థంలో మాట్లాడాడు. అప్పటికి మాస్కోలో డాక్టర్ల మీద కుట్ర కేసులు నడుస్తున్నాయి, ఊరంతా భయం. ఆ బొమ్మలు, ఆ మాటలు మీనన్ తన డైరీలో రాసుకున్నారు. సరిగ్గా 16 రోజులకు, మార్చి 5న, స్టాలిన్ చనిపోయాడు. ఆయన్ని చివరిగా కలిసిన విదేశీ దౌత్యవేత్త మన రాయబారే. ఒక మనిషి చేతివేళ్లను కూడా గమనించి రాసిపెట్టడం ఎందుకు రాయబారి పనిలో భాగమో ఈ ఒక్క సంఘటన చెబుతుంది. ఏ పత్రికలోనూ రాని సంగతి అది.

మీనన్ కాలంలోనే గట్టు తెగింది. 1955 ఫిబ్రవరిలో భిలాయ్ ఉక్కు కర్మాగారం ఒప్పందం, జూన్‌లో నెహ్రూ సోవియట్ పర్యటన, ఏడాది చివర్లో సోవియట్ నేతలు క్రుశ్చేవ్, బుల్గానిన్ భారత్ రాక, అన్నీ ఒక్క ఏడాదిలో జరిగాయి. ఆ దశాబ్దం చివర్లో మందుల తయారీకి సోవియట్ సాయం కుదిరింది. అందులోంచి వచ్చిందే హైదరాబాద్ ఐడీపీఎల్ కర్మాగారం. ఆ పేరు మళ్లీ వస్తుంది.

1960ల్లో సుబిమల్ దత్, టి.ఎన్. కౌల్, కేవల్ సింగ్ వరసగా వెళ్లారు. 1966 జనవరిలో తాష్కెంట్ ఒప్పందం, ఆ రాత్రే లాల్ బహదూర్ శాస్త్రి మరణం, రెండూ కౌల్ రాయబారిగా ఉండగానే జరిగాయి.

రాయబారి పని ఫలితం ఎంత ఆలస్యంగా, ఎలా అందుతుందో చూడాలంటే 1971 కన్నా మంచి ఉదాహరణ లేదు. 1969లో మాస్కో వెళ్లిన డి.పి. ధర్ కశ్మీరీ రాజకీయ నాయకుడు, ఇందిరా గాంధీకి దగ్గరివాడు. సోవియట్ అధినేత బ్రెజ్నేవ్ ఆ రోజుల్లోనే ఆసియా భద్రత గురించి మాట్లాడుతూ భారత్‌తో ఒక ఒప్పందం కావాలన్నాడు. చర్చలు జరిగాయి, ముసాయిదా తయారైంది. ఇందిరకు అప్పుడు పార్లమెంటులో సొంత మెజారిటీ లేదు, ఒక శిబిరంలో చేరిపోయారన్న మాట పడటం ఇష్టం లేదు. కాగితం సొరుగులోకి పోయింది.

1971లో తూర్పు పాకిస్తాన్ నుంచి శరణార్థులు దాదాపు కోటి మంది వచ్చిపడ్డారు. జూలైలో అమెరికా అధ్యక్షుడి సలహాదారు కిసింజర్ పాకిస్తాన్ మీదుగా దొంగచాటుగా బీజింగ్ వెళ్లివచ్చాడు. అమెరికా, చైనా, పాకిస్తాన్ ఒక పక్కకు చేరితే మన గతేంటన్న టెన్షన్ ఢిల్లీని పట్టుకుంది. సొరుగులోని కాగితం బయటికి వచ్చింది. రాయబారి పదవి నుంచి అప్పుడే ఢిల్లీకి తిరిగివచ్చిన ధర్ హడావిడిగా మళ్లీ మాస్కో వెళ్లి మాటలు పూర్తి చేశారు. ఆగస్టు 9న ఢిల్లీలో రెండు దేశాల విదేశాంగ మంత్రులు స్వరణ్ సింగ్, గ్రోమికో సంతకాలు చేశారు. ఎవరి మీదైనా దాడి జరిగితే, జరిగే ప్రమాదం ఉంటే వెంటనే ఇద్దరూ సంప్రదించుకోవాలన్న తొమ్మిదో అధికరణం దానికి గుండెకాయ. డిసెంబరు యుద్ధంలో భద్రతా మండలిలో సోవియట్ మూడుసార్లు వీటో వాడింది. కొత్తగా కూర్చుని రాసుకుంటే ఏళ్లు పట్టే పని మూడు వారాల్లో అయింది, రెండేళ్ల కిందట ఒక రాయబారి ఓపిగ్గా చేసిపెట్టిన పని ఉంది కాబట్టి. ధర్ 1975లో రెండోసారి మాస్కోకు రాయబారిగా వెళ్లి, ఆ పదవిలో ఉండగానే ఆ ఏడాదే కన్నుమూశారు.

తర్వాత వెళ్లిన ఐ.కె. గుజ్రాల్ కథ వేరు. ఎమర్జెన్సీ మొదట్లో సమాచార శాఖ మంత్రి పదవి పోయింది, 1976లో మాస్కోకు పంపారు. 1977లో ఇందిర ఓడి జనతా ప్రభుత్వం వచ్చింది. ఇందిర నియమించిన మనిషిని కొత్త ప్రభుత్వం వెంటనే వెనక్కి పిలుస్తుందనే అందరూ అనుకున్నారు. మొరార్జీ దేశాయ్, విదేశాంగ మంత్రి వాజ్‌పేయి ఆయన్నే ఉంచారు. పశ్చిమ దేశాల వైపు మొగ్గుతారేమోనని బెంగపడుతున్న మాస్కోకు అంతకన్నా స్పష్టమైన కబురు వేరే లేదు. కొన్నిసార్లు రాయబారి ఏమీ మాట్లాడనక్కర్లేదు, ఆ కుర్చీలో అతనే ఉంటే చాలు. విశాఖ ఉక్కు కర్మాగారానికి సోవియట్ సాయంపై ఒప్పందం 1979 జూన్‌లో జరిగింది, గుజ్రాల్ అక్కడ ఉండగానే. ఆ కర్మాగారం కోసం జనం ప్రాణాలిచ్చిన విశాఖ ఉక్కు ఉద్యమం 1966 నాటిది. ఢిల్లీలో మొండికేసిన పని కాగితం మీదికి రావడానికి మాస్కో అవసరమైంది.

ఒక విషయం గమనించాలి. ఆ కాలంలో మాస్కోకు వెళ్లినవాళ్లలో ఉద్యోగ దౌత్యవేత్తలు కానివాళ్లు ఎక్కువ. ఒక తత్వవేత్త, ఒక పత్రికా రచయిత శెల్వంకర్, చరిత్రకారుడు నూరుల్ హసన్, రాజకీయ నాయకులు. వాళ్లలో ఒకరు తర్వాత రాష్ట్రపతి, ఇంకొకరు ప్రధాని అయ్యారు. సోవియట్ వ్యవస్థలో పార్టీ పెద్దలే అన్నీ, వాళ్లకు కావలసింది ఢిల్లీలో ప్రధానికి నేరుగా ఫోన్ చేయగల మనిషి. 1989లో వెళ్లిన ఆల్‌ఫ్రెడ్ గొంజాల్వెజ్ నుంచి ఇప్పటిదాకా అందరూ విదేశాంగ సర్వీసువాళ్లే. సంబంధం పార్టీల నుంచి ఒప్పందాలు, లెక్కలు, విడిభాగాల మీదికి మారిందనడానికి ఇదే గుర్తు.

1991 డిసెంబరులో సోవియట్ యూనియనే లేకుండా పోయింది. 1992 నుంచి 1998 దాకా ఉన్న రొనెన్ సేన్ పని ఎంత కష్టమైనదో ఇప్పుడు ఎవరికీ గుర్తులేదు. నిన్నటిదాకా తెలిసిన మంత్రులు లేరు, కర్మాగారాలు పరాయి దేశాల్లోకి పోయాయి, మనం కట్టాల్సిన రూపాయి-రూబుల్ బాకీ ఎంతన్నదే పెద్ద గొడవ. రాకెట్లకు వాడే క్రయోజెనిక్ ఇంజన్ల పరిజ్ఞానం ఇస్తామని 1991లో చేసుకున్న ఒప్పందం నుంచి అమెరికా ఒత్తిడితో 1993లో రష్యా వెనక్కి తగ్గింది. పరిజ్ఞానం రాలేదు, తయారైన ఏడు ఇంజన్లు మాత్రం ఇచ్చారు. 2001 ఏప్రిల్ 18న శ్రీహరికోట నుంచి మొదటి జీఎస్‌ఎల్‌వీ లేచింది అలా వచ్చిన రష్యన్ ఇంజన్‌తోనే. పూర్తిగా గెలవలేని బేరంలో దక్కినంత దక్కించుకోవడం కూడా దౌత్యమే.

2018లో ఆ కుర్చీలోకి మళ్లీ ఒక తెలుగువారు వెళ్లారు, డి.బి. వెంకటేశ్ వర్మ. ఆయన హయాంలోనే కరోనా వచ్చింది. 2021 మే 1న, దేశంలో రెండో దశ ఉధృతంగా ఉన్నప్పుడు, స్పుత్నిక్ టీకా మొదటి విడత 1.5 లక్షల డోసులు విమానంలో హైదరాబాద్‌లో దిగాయి. తెప్పించింది డాక్టర్ రెడ్డీస్. ఆ సంస్థ పెట్టిన అంజిరెడ్డి అంతకు ముందు పనిచేసింది ఐడీపీఎల్‌లో. మీనన్ రోజుల్లో కుదిరిన సాయంతో హైదరాబాద్‌లో ఒక కర్మాగారం లేచింది, అందులో పని నేర్చుకున్నవాళ్లు ఊళ్లో మందుల పరిశ్రమను నిలబెట్టారు, ఆరు దశాబ్దాల తర్వాత మాస్కో నుంచి టీకా వస్తే అందుకోవడానికి అక్కడ చేతులు సిద్ధంగా ఉన్నాయి.

2022 ఫిబ్రవరి తర్వాత మాస్కోలో పని మళ్లీ మారింది. యుద్ధానికి ముందు మనం కొనే ముడి చమురులో రష్యా వాటా 2 శాతం లోపే, తర్వాత మూడో వంతు దాటింది. బ్యాంకు చెల్లింపులు, ఆంక్షలు, ఓడల బీమా, రోజూ ఏదో ఒక చిక్కుముడి. వీటన్నిటి కన్నా బరువైన పని ఇంకొకటి వచ్చింది. ఉద్యోగాలని ఏజెంట్లు ఆశపెట్టి తీసుకెళ్లిన మన యువకులు రష్యా సైన్యంలో చిక్కుకున్నారు. 2024 మార్చిలో హైదరాబాద్ యువకుడొకరు అక్కడ చనిపోయినట్టు ధ్రువీకరించింది మాస్కోలోని మన రాయబార కార్యాలయమే. వొరొంత్సోవో పోలె వీధిలోని ఆ భవనంలో పనిచేసే అధికారులు ఒక పక్క రష్యా అధికారులతో, ఇంకో పక్క హైదరాబాద్‌లోని ఆ కుటుంబంతో మాట్లాడుతూ, మృతదేహాన్ని ఇంటికి పంపే కాగితాల వెంట పడ్డారు. మిగిలినవాళ్లను సైన్యం నుంచి విడిపించే విషయం ఆ జూలైలో మాస్కో వెళ్లిన ప్రధాని స్వయంగా పుతిన్ ముందు పెట్టవలసి వచ్చింది. వాళ్ల కోసం రష్యా అధికారుల వెంట పడుతూ వచ్చింది మళ్లీ ఆ భవనంలోని వాళ్లే.